వాక్యం పక్కన తెరిచే పుస్తకాలు

జూన్ 3
ఈ నెల ధ్యానానికి యూదా రాజు హిజ్కియా చరిత్ర తీసుకున్నాను. 2 రాజులు 18వ అధ్యాయం పైకి చదివాను. వ్యాఖ్యానం జోలికి పోలేదు. ముందే అది తెరిస్తే వ్యాఖ్యాతకు తోచినవే మనకూ తోస్తాయి. ప్రశ్న మనలో పుట్టాలి. ఇవాళ పుట్టినవి రెండు: అష్షూరు రాజు సన్హెరీబు లాకీషులో ఎందుకు మకాం వేశాడు? ముట్టడి పడితే యెరూషలేముకు నీళ్లెలా?

జూన్ 5
రిఫరెన్స్ బైబిల్ అంచున చూస్తే ఇదే చరిత్ర యెషయా 36లో, 2 దినవృత్తాంతములు 32లో కూడా ఉంది. కాగితం మీద మూడు నిలువు గళ్లు గీసి పక్కపక్కనే రాసుకున్నాను. 2 రాజులు 18:14–16 దగ్గర చెయ్యి ఆగింది. రాజు తన తప్పు ఒప్పుకుని, దేవాలయపు తలుపుల బంగారం ఊడదీయించి అష్షూరు రాజుకు ఇచ్చేశాడు. ఆ మూడు వచనాలకు ఎదురుగా మిగతా రెండు గళ్లూ ఖాళీ! అధ్యాయం మొదట్లో అంత మెచ్చుకున్న రాజు భయపడిన రోజును కూడా రాజుల గ్రంథం దాచలేదు. భయపడినవాడి ప్రార్థనే 19వ అధ్యాయంలో దేవుడు విన్నాడు. ఒక్క గ్రంథమే చదివి ఉంటే ఇది ఇంత బలంగా తగిలేది కాదు.

జూన్ 9
బైబిల్ అట్లాసు. లాకీషు యెరూషలేముకు నైరుతిగా, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కొండలకు దిగువన ఉంది. కొండసీమకు ఎక్కే దారికి అది కాపలా కోట. మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది.
నీనెవె రాజభవనంలో ఒక గది గోడల నిండా సన్హెరీబు లాకీషు ముట్టడిని చెక్కించుకున్నాడు. ఆ రాతి పలకలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ఎడ్లబండి, దాని మీద సామాన్లు, వాటిపై కూర్చుని ఊరు విడిచిపోతున్న మనుషులు. ఈ అధ్యాయంలో లాకీషు పేరొక్కటే వస్తుంది. ఆ పేరు వెనక ఇంతమంది ఉన్నారు.

జూన్ 12
కన్‌కార్డెన్స్‌లో లాకీషు అనే మాట వచ్చే చోట్లు వెతికాను. యెహోషువ 10లో ఇశ్రాయేలీయులు దాన్ని పట్టుకున్నారు. యిర్మీయా 34:7 నాటికి బబులోను దాడిలో ఇంకా నిలిచిన కొద్ది కోటల్లో అదొకటి. నెహెమ్యా 11:30లో మళ్లీ అక్కడ కాపురాలు. ఒక ఊరి కష్టసుఖాలన్నీ ఒక్క పుటలో. జేమ్స్ స్ట్రాంగ్ 1890లో ప్రచురించిన కన్‌కార్డెన్స్‌లో హీబ్రూ పదాల అంకెలు 8674 దాకా వెళ్తాయి. కంప్యూటర్ లేని కాలపు శ్రమ అది. ఇవాళ మన ఫోన్లలో ఉచితంగా ఉంది.

జూన్ 16
సన్హెరీబు రాయించిన ఆరు పలకల మట్టి పట్టకం, టేలర్ ప్రిజం, గురించి చదివాను. యూదాలో 46 కోటలు పట్టానని, హిజ్కియాను యెరూషలేములోనే బంధించానని గొప్ప చెప్పుకున్నాడు. పట్టణాన్ని పట్టుకున్నానని మాత్రం అనలేదు. కప్పంలో బంగారం 30 తలాంతులని బైబిల్ హీబ్రూ మూలంలోనూ పట్టకంలోనూ ఒకే లెక్క. వెండి హీబ్రూ మూలంలో 300, పట్టకంలో 800. పండితులు రకరకాల కారణాలు చెబుతారు. తేడాను తేడాగానే నోటుబుక్కులో ఉంచాను. కప్పిపుచ్చితేనే నిలబడే వాక్యం కాదిది.

జూన్ 18
నీళ్ల సంగతి. 2 రాజులు 20:20లో కాలువ ప్రస్తావన, 2 దిన. 32:30లో గీహోను ఊట పేరు ఉన్నాయి. యెరూషలేములో ఆ సొరంగం నేటికీ ఉంది. పొడవు 533 మీటర్లు. రెండు కొసల నుంచీ తొలుచుకుంటూ వచ్చిన పనివాళ్లు మధ్యలో కలుసుకున్న వైనం గోడ మీద చెక్కి ఉండగా 1880లో బయటపడింది. అవతలివాళ్ల కేకలు బండలోంచి వినపడ్డాయట. ఆ శాసనంలో రాజు పేరు లేదు, కూలీల పనే ఉంది.

జూన్ 21
యవనస్థుల కూడికలో ఒక చెల్లి అడిగింది: “అన్నా, మొదట ఏ వ్యాఖ్యానం కొనుక్కోమంటారు?”
“అది చివర కొనుక్కో అమ్మా. ముందు రిఫరెన్సులున్న బైబిల్, తర్వాత కన్‌కార్డెన్స్, అట్లాసు, బైబిల్ నిఘంటువు. మనంతట మనం వెతికాక వ్యాఖ్యానం తెరిస్తే, దాన్ని ప్రశ్నిస్తూ చదవగలం” అన్నాను. బెరయవాళ్లు పౌలు బోధనే లేఖనాలతో సరిచూసుకున్నారు. అలా సరిచూసినవాళ్లను అపొస్తలుల కార్యములు మెచ్చుకుంది. వ్యాఖ్యాతల మాటను, బోధకుల మాటను, నా మాటను కూడా ఆ పిల్లలు అలాగే సరిచూడాలి. వచ్చే వారం అందరికీ మూడు గళ్ల కాగితం ఇచ్చి, జవాబులు చెప్పకుండా 18వ అధ్యాయం చదివిస్తాను.