రాబందుల్ని చంపిన సూదిమందు

ఆస్తి కోసం చుట్టుముట్టిన బంధువుల్ని "రాబందుల్లా పీక్కుతింటున్నారు" అని తిట్టడం మనకి అలవాటే. నిజం రాబందుని చూసి ఎన్నేళ్ళయిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి!

మా చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు చచ్చిందంటే చాలు, ఎక్కణ్ణుంచి వచ్చేవో, గుంపులుగా దిగేవి. చూస్తుండగానే ఎముకలు మిగిలేవి. కంపు లేదు, ఈగలు లేవు. ముక్కు మూసుకుని అసహ్యించుకునేవాళ్ళం గానీ, అంత శుభ్రంగా ఊడ్చిపెట్టే పనిమనిషి ఈ రోజుల్లో జీతమిచ్చినా దొరకదు (అది వేరే సంగతి). ఇప్పుడా కళేబరాల మీద ఊరకుక్కలు పడుతున్నాయి.

వీటినేమీ వేటగాళ్ళు కొట్టలేదండీ. పశువుకి నొప్పో, వాపో వస్తే పొడిచే డైక్లోఫెనాక్ మందు చంపింది. మనం మోకాళ్ళనొప్పులకి వాడేది కూడా అదే! సూది వేసిన కొద్దిరోజుల్లోనే ఆ పశువు చనిపోతే, దాని మాంసం తిన్న రాబందుకి మూత్రపిండాలు పాడైపోతాయి. పాకిస్తాన్‌లో చచ్చిన రాబందుల్ని పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2004లో ఈ సంగతి బయటపెట్టారు. అప్పటికే కొంప మునిగింది. 1992లో మన దేశంలో వెయ్యి తెల్లవీపు రాబందులుంటే, 2007 నాటికి ఒక్కటి మిగిలిన లెక్క. మళ్ళీ పెరుగుదామన్నా, పాపం, ఏడాదికి పెట్టేది ఒకే ఒక్క గుడ్డు.

2006లో పశువులకి ఆ మందు నిషేధించారు. అయినా మనుషుల కోసం వచ్చే పెద్ద సీసాలు కొని గొడ్లకి పొడుస్తున్నారని, 2015లో సీసా 3 మి.లీ. మించకూడదన్నారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పశువులకి వాడొద్దన్నారు.

మా పుట్టింట్లో మరదలు ఇప్పటికీ రెండు గేదెల్ని మేపుతోంది. మొన్న ఒకదానికి పొదుగువాపు వస్తే, ఏ సూది వేస్తున్నారో కనుక్కోమన్నాను.

"గేదె తేరుకోవాలా, ఎక్కడో ఉన్న రాబందు బతకాలా వదినా?" అంది.

దానిమాటా న్యాయమే. పిల్లల ఫీజులు ఆ పాల మీదే గడవాలి. అందుకే నేను వాదన పెట్టుకోలేదు. మెలాక్సికామ్ అని ఇంకో మందుంది, అదీ నొప్పి తగ్గిస్తుంది, రాబందుకి ముప్పు లేదు, పశువుల డాక్టరుగారిని అడిగి చూడమన్నాను. పేరు నోరు తిరగక కాలెండరు మీద రాసుకుందట.

నాలుగు రోజులకి ఫోన్ చేసింది. "ఆ మందే వేశారు వదినా. ఇవాళ కుడితి మొత్తం తాగేసింది."