లింకు డాక్యుమెంట్లలో లేనివాళ్లు

జనవరి 5, అమలాపురం

ఇల్లు పంపకాలు వేసుకోవాలని అనుకున్నాం. లాయరుగారు లింకు డాక్యుమెంట్లన్నీ తెమ్మన్నారు. ఇనప్పెట్టెలో ఉన్నవన్నీ తీసి మండువా పక్కన వసారాలో చాప మీద పరిచాం. అన్నిటికన్నా పాతది ముత్తాతగారు ఈ స్థలం కొన్న క్రయ దస్తావేజు. మడతల దగ్గర కాగితం చిరిగింది గానీ సిరా చెదరలేదు. తూర్పు రాజవీధి, దక్షిణం పొరుగువారి పెరటి గోడ, పడమర పంటబోదె, ఉత్తరం సందు. నూతినీ కొబ్బరిచెట్లనీ కూడా లెక్కపెట్టి రాశారు. ఆ తర్వాతి కాగితాలన్నీ ఫలానావారి కుమారుడు ఫలానా అనే వరసే. తరాలు మారుతున్నా ఒక్క ఆడమనిషి పేరు కూడా కనపడలేదు.

జనవరి 7

ఈ ఇంటికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే కాలవ నుంచే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవల మీదుగా గోదావరి నీళ్లు కోనసీమలోకి వచ్చాయి. వరి పండింది, గాదెలు నిండాయి, లోగిళ్లు లేచాయి. సరిగ్గా అదే 1852లో ఇంగ్లీషువాళ్లు రంగూన్ పట్టుకున్నారు. అక్కడి టేకు ఓడలెక్కి ఈ తీరానికి వచ్చింది. మండువా చుట్టూ ఉన్న స్తంభాలు ఆ కర్రే. గోడలకి గానుగ సున్నం. పైన మొదట గూనపెంకు ఉండేదట, తర్వాత బెంగుళూరు పెంకు వేయించారు. అది 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు మొదలుపెట్టిన రకం.

మండువాలో పడ్డ వాన తూములోంచి పెరట్లోకి పోతుంది. ఇప్పటికీ ఎక్కడా చుక్క నిలవదు.

జనవరి 9

వంటింటి వసారాలో ఒక స్తంభానికి నడుము ఎత్తున గాడి ఉంది. చిటికెనవేలు పెడితే సగం దిగుతుంది. అంచులు నున్నగా, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, ఎప్పుడూ అడగలేదు. ఇవాళ అత్తయ్యని అడిగాను.

"మా అమ్మ కవ్వం తాడే. చీకటితో లేచి చిలికేది. నాకు తెలివొచ్చేది ఆ చప్పుడుకే. అంతకుముందు మా నాయనమ్మ చిలికిందట, అదే స్తంభానికి."

చెదపురుగు ముట్టని రంగూన్ టేకు కొబ్బరిపీచు తాడుకి అరిగింది. ఎన్ని తెల్లవారుజాములు పట్టి ఉంటాయి! ఆ పక్కనే గోడ మీద పాలలెక్క గీతలున్నాయి. సున్నం మీద సున్నం వేసినా ఆ మూల వదిలేశారు.

జనవరి 10

పెరటివైపు చిన్న గది తాతగారి చెల్లెలిదట. కాపురానికి వెళ్లకముందే భర్త పోతే పుట్టింట్లోనే ఉండిపోయింది. ధాన్యం కొలిపించి గాదెకి పోయించడం, ఊరగాయ జాడీలు, పురుళ్లు, పాలేళ్ల అన్నాలు అన్నీ ఆవిడ చేతి మీదుగానే జరిగేవి. గాదె తాళంచెవి చనిపోయేదాకా ఆవిడ కొంగునే ఉండేది. ఆ గాదె ఉన్న ఇంట్లో మాత్రం ఆవిడకి కాగితం మీద అడుగు నేల లేదు. ఊళ్లో అందరికీ బామ్మగారే. అసలు పేరేమిటంటే అత్తయ్య కాసేపు కళ్లు మూసుకుని చెప్పింది. వెంటనే రాసుకున్నాను.

జనవరి 12

1996 నవంబరు 6 రాత్రి తుపానుకి కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. మా పెంకులూ సగం లేచిపోయాయి, గోడలు మాత్రం కదల్లేదు. సందులోని పాకల వాళ్లంతా మా సావిట్లోకి వచ్చేశారు. అమ్మ తడిసిన కట్టెలతోనే గంగాళాల్లో అన్నం వండించింది. ఇంటి మరమ్మతుకి ఎంతయిందో నాన్నగారి పద్దు పుస్తకంలో పైసలతో సహా ఉంది. ఎంతమందికి వండారో ఆ పుస్తకంలో లేదు.

జనవరి 16

పండక్కి అక్క వచ్చింది. తన పెళ్లి 1984లో ఈ మండువాలోనే అయింది. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకి మాత్రం వర్తించలేదు. నాకు పెళ్లి కాలేదు కాబట్టి నేను లోపల, ఏడాది ముందు తాళి కట్టించుకుంది కాబట్టి అక్క బయట. 2005లో కేంద్రం చట్టాన్ని సవరించాక ఆ తేడా పోయింది. తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురి హక్కు హక్కేనని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. తమ్ముడు ఇదంతా విని, "చట్టం చెప్పకపోయినా అక్కకి ఇవ్వాల్సిందే కదా" అన్నాడు. వాడి మాట నాకెంతో నచ్చింది. అయినా మంచి తమ్ముడుంటేనే దక్కేదాన్ని హక్కు అనలేం.

జనవరి 21

దస్తావేజు చిత్తు వచ్చింది. ముగ్గురి పేర్లూ ఉన్నాయి, ఇద్దరు కుమార్తెలు, ఒక కుమారుడు. ఇంటి పూర్వాపరాలు చెప్పే పేరాలో మాత్రం మళ్లీ ముత్తాత, తాత, నాన్న. ఇంకో నాలుగు పేర్లు చేర్చమన్నాను. ముత్తవ్వ, నాయనమ్మ, బామ్మ, అమ్మ.

"హక్కుకి వాటితో పనిలేదమ్మా" అన్నాడు దస్తావేజు లేఖరి.

"తెలుసండీ. రాయకూడదని ఎక్కడా లేదు కదా?"

లేదన్నాడు. అక్కా తమ్ముడూ సరేనన్నారు. ఈ గృహమందు కాపురముండి దీనిని నిలబెట్టినవారు అని ఆ నాలుగు పేర్లూ చేర్పించాం. రేపు ఎవరి వాటా ఎవరు అమ్ముకున్నా, కొన్నవాళ్లకి ఇది లింకు డాక్యుమెంటే. ఈ ఇల్లు ఎవరిదని వెతికేవాళ్లు ఇకమీదట వాళ్ల పేర్లు కూడా చదవాల్సిందే.