అంగుళానికి అడుగు

జూన్ 4
మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడు. వెన్ను విరిగింది, నడుము కింద స్పర్శ లేదు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. రాత్రి తిప్పబోతే, "ఇప్పుడే కన్నంటుకుంది సిస్టర్, జర ఉండు" అన్నాడు. బతిమాలి తిప్పాను. నొప్పి తెలియని చోట పుండు మొదలైనా అతనికి తెలియదు. పొద్దున వాళ్ళావిడకు ఎర్రబడ్డ మడమ చూపించాను. వేలితో నొక్కి వదిలితే చర్మం తెల్లబడి మళ్ళీ ఎరుపెక్కాలి. నొక్కినా ఎరుపు చెదరకపోతే అక్కడ ఇక బరువు ఆనకూడదు.

జూన్ 9
గీత కార్మికుడికి నాలుగు నుంచి ఆరు గంటలకోసారి తనే పైపు వేసుకుని మూత్రం తీసుకోవడం నేర్పుతున్నాం. ఈ బాధ తప్పించుకోవాలని నీళ్ళు తాగడమే తగ్గించాడు. బస్టాండులో, ఫంక్షన్ హాల్లో చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి లేక గొంతెండబెట్టుకునేవాళ్ళను చాలామందిని చూశాను. ఇన్ఫెక్షన్‌తో మళ్ళీ మా దగ్గరికే వస్తారు. ఆ మరుగుదొడ్డి కట్టడం కూడా వైద్యమే అని నా నమ్మకం.

జూన్ 12
మెడ దగ్గర వెన్నుకు దెబ్బ తగిలిన కుర్రాడికి ఉన్నట్టుండి తలపోటు, ముఖమంతా చెమట, బీపీ పైపైకి. లేపి కూర్చోబెట్టి వెతికితే యూరిన్ పైపు తొడ కింద మడత పడి ఉంది. సర్దగానే దిగింది. ఆలస్యమైతే మెదడులో రక్తనాళం చిట్లే ప్రమాదం ఉండేది. ఇంటికెళ్ళేటప్పుడు ఇదంతా కాగితం మీద రాసివ్వాలి, ఊళ్ళో డాక్టరుకు చూపించడానికి.

జూన్ 15
ట్రైనీలకు డాక్టర్ మేరీ వర్గీస్ గురించి చెప్పాను. 1954లో కారు ప్రమాదంలో కాళ్ళు పడిపోయాక, చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారామె. 1966లో వెల్లూరులో పునరావాస కేంద్రం ఆమె పూనికతోనే మొదలైంది.

జూన్ 21
గీత కార్మికుడి ఇంటి ఫొటోలు వచ్చాయి. మెట్ల ఎత్తు అడుగున్నర. ఆరడుగుల ర్యాంపు చాలన్నాడట మేస్త్రీ. అంత నిటారుగా ఉంటే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. ఎన్ని ఆఫీసుల ముందు అలాంటివే కట్టి వదిలేశారో! ప్రజలు వాడే పాత భవనాలను సైతం ఐదేళ్ళలో సరిచేయమని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెప్పింది.

మేస్త్రీకి ఫోన్ చేశాను. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు, మొత్తం పద్దెనిమిది అడుగులు.
"గంత జాగ లేదు మేడం."
గోడ వెంబడి మలుపు తిప్పమన్నాను, మలుపు దగ్గర కుర్చీ తిరిగేంత చదును వదలమన్నాను. బాత్రూం తలుపు రెండడుగులే ఉంది, మూడడుగులు చేయాలి. అది బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే తోసి తెరవడం కుదరదు.