అక్క మా రూంలో రెండు రాత్రులు ఉంది

పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి. ముఖ్యంగా నర్సింగ్ చదివేవాళ్ళు, చేసేవాళ్ళు.

మేము బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం. ముగ్గురం ఒకే రూం, ముగ్గురివీ ఏజెన్సీ ఊళ్ళే. మా ఇళ్ళల్లో మాకన్నా ముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. ఆశ్రమ పాఠశాల, గురుకులం, అన్నీ తెలుగు మీడియం. ఫస్టియర్ అనాటమీ క్లాసులో మేడం చెప్తుంటే బోర్డు మీద బొమ్మ తప్ప ఏదీ అర్థం కాలేదు. రాత్రిళ్ళు ఇంగ్లీషు పదాలు తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టాం. పాసయ్యాం కూడా.

పోయిన నెల మా ఊరివైపు అక్క ఒకామె హాస్టల్‌కి వచ్చింది. ఆరేళ్ళుగా లోపలి పీహెచ్‌సీలో కాంట్రాక్టు స్టాఫ్ నర్సు. మా ఊళ్ళల్లో ఎవరైనా ఆడపిల్లని చదువు మాన్పిస్తామంటే ఈ అక్క పేరే చెప్తారు. "చూడు, ఆమె చదువుకుని నర్సు కాలేదా?" అని. మేము నర్సింగ్‌కి రావడానికి కూడా సగం కారణం ఆమే. వార్డెన్ మేడంని బతిమాలి రెండు రాత్రులు మా రూంలో ఉంచుకున్నాం. వచ్చిన పని ఏంటంటే, మా ఫస్టియర్ నోట్సులు కావాలి. మళ్ళీ రెగ్యులర్ పోస్టులు పడితే రాయాలని.

మన దగ్గర ఆ సెలెక్షన్ సంగతి తెలిసిందే కదా. పరీక్షకి 80, కాంట్రాక్టులో చేసిన సర్వీసుకి 20 దాకా. ఆ ఇరవైలో అక్కకి మంచి మార్కులే వస్తాయి. భయమంతా ఆ 80తోనే.

మొదటి రాత్రి నోట్సు తెరిచి క్రేనియల్ నర్వులు పన్నెండూ చెప్పబోయింది. ట్రైజెమినల్ దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది. నోట్సు మూసేసి, "నాకేం రాదే. ఎట్ల పాసయ్యానో నాకే తెల్వదు. ఏదో ఒకరోజు ఎవరో ఒకరు కనిపెడతరు" అంది. నవ్వుతూ అందేమో అనుకున్నాం. కళ్ళల్లో నీళ్ళు.

తర్వాత ఇంకో మాట చెప్పింది. పోస్టింగ్‌కి స్టూడెంట్లు వస్తున్నారంటే ఆ రోజు తనకి కడుపులో తిప్పుతదంట. వాళ్ళు "ఎందుకు సిస్టర్?" అని అడుగుతారు కదా, జవాబు గుర్తు రాకపోతే ముందే కసురుకుంటదంట. అప్పుడు ఇంకేం అడగరు.

మేము ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎందుకంటే సెకండియర్‌లో మేము పోస్టింగ్‌కి వెళ్ళిన చోట లేబర్ రూంలో ఒక సిస్టర్‌ని అడిగాం, మెగ్నీషియం సల్ఫేట్ ట్రేలో కాల్షియం గ్లూకోనేట్ ఎందుకు పెడతారని. "పని చూసుకోండి ముందు" అని గట్టిగా అరిచింది. ఆ రోజు హాస్టల్‌కి వచ్చి అన్నం తింటూ, "సిస్టర్‌కి ఏమీ రాదు, అందుకే అరిచింది" అని ఎంత నవ్వుకున్నామో. ఆమె కూడా మనవాళ్ళ అమ్మాయే. ఆ సంగతి అక్కకి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. అక్క పడుకున్నాక మేము క్రెబ్స్ సైకిల్ వేద్దామని పేపర్ తీసుకున్నాం. రెండేళ్ళ కింద యూనివర్సిటీ పరీక్షలో రాసిందే. సిట్రేట్ తర్వాత ముగ్గురికీ మూడు రకాలుగా వచ్చింది. మరి మేము ఎవర్ని చూసి నవ్వినట్టు?

మర్చిపోవడం అందరికీ ఉంటది. కానీ మన పిల్లలకి అది వేరేగా తగులుతది. వేరేవాళ్ళు మర్చిపోతే "మర్చిపోయిందిలే" అంటారు. మనం మర్చిపోతే "రిజర్వేషన్‌లో వచ్చింది కదా" అంటారు. నోటితో అనకపోయినా ఆ చూపు మనకి తెలుస్తది. కొన్నాళ్ళకి వాళ్ళు అనక్కర్లేదు, మనకి మనమే అనుకుంటాం. పైగా బట్టీ పట్టి పాసయ్యాం కాబట్టి, మర్చిపోయామా, అసలు మాకెప్పుడైనా వచ్చా అని అనుమానం. ఇంటి నుంచి ఫోన్ వస్తది, "బిడ్డకి జ్వరం, ఏ గోలి వెయ్యాలి" అని. బయటికి వెళ్ళి ఫోన్‌లో వెతికి మళ్ళీ ఫోన్ చేసి చెప్తాం. వాళ్ళేమో ఊరంతా చెప్పుకుంటారు, మా పిల్లకి అన్నీ తెలుసని.

రెండో రాత్రి మా ముగ్గురిలో ఒకరు ఊరికే అడిగారు, "అక్కా, వాగు పొంగినప్పుడు నిండు మనిషికి ఫిట్స్ వస్తే మీరేం చేస్తారు?" అని. అక్క మంచం మీద నుంచి లేచి కూర్చుంది. ఎడమ పక్కకి తిప్పాలి, నోట్లో ఉన్నది సక్షన్ చెయ్యాలి, ఆక్సిజన్ పెట్టాలి, ఒకరు డాక్టర్ సార్‌కి, 108కి ఫోన్ చెయ్యాలి. మెగ్నీషియం నాలుగు గ్రాములు, అంటే నాలుగు ఆంపుల్స్ ఎనిమిది ఎంఎల్, దానికి పన్నెండు కలిపి ఇరవై చెయ్యాలి, నరానికి మెల్లగా, ఐదు నిమిషాలకి తక్కువ కాకుండా. తర్వాత రెండు పిరుదులకి ఐదేసి గ్రాములు. తర్వాతి డోసు ఇచ్చే ముందు మోకాలు కొట్టి చూడాలి, శ్వాస నిమిషానికి పదహారుకి తగ్గకూడదు, మూత్రం గంటకి ముప్పై ఎంఎల్ రావాలి. మోకాలు ఎగరకపోయినా, శ్వాస తగ్గినా డోసు ఆపాలి. "అప్పుడు కాల్షియం గ్లూకోనేట్. అది పక్కనే లేకుండా మెగ్నీషియం సీల్ కూడా తియ్యను నేను" అంది. చెప్తున్నంతసేపూ చేతులు కదుపుతూనే ఉంది, ట్రే ముందున్నట్టు.

మేము అడిగి తిట్లు తిన్న ప్రశ్నకి జవాబు అట్లా దొరికింది.

"మరి ఇది రాదన్నావు కదక్కా" అంటే, "ఇది చదువు కాదే, పని" అంది. ఆమె అనుకునేది అదే. నోట్సులో ఉంటే చదువు, చేతిలో ఉంటే పని. ఆ 80లో ఇవి కూడా అడుగుతారని చెప్తే నమ్మలేదు. పాత పేపర్ తీసి చూపించాల్సి వచ్చింది.

అయితే అన్నీ ఆమెకి వచ్చు, ఊరికే భయపడుతుందని చెప్తే అబద్ధం అవుతది. సెలైన్ చుక్కల లెక్క చేయించాం. 500 ఎంఎల్ నాలుగు గంటల్లో ఎక్కాలి. అక్క టక్కున 31 చుక్కలు అంది. మాకు 42 వచ్చింది. ఎక్కడ తేడా అని చూస్తే, అక్క ఎంఎల్‌కి 15 చుక్కల లెక్క గుర్తుపెట్టుకుంది, మేము 20 లెక్క వేశాం. ఏది కరెక్టంటే సెట్టు బట్టి ఉంటది, ప్యాకెట్ మీద రాసి ఉంటది. అక్క ఎన్నేళ్ళుగానో ఆ ప్యాకెట్ చదవలేదు. 20 చుక్కల సెట్టుకి 31 పెడితే నాలుగు గంటల సీసా ఐదు గంటల పైన పడుతది.

కాసేపు ఏం మాట్లాడలేదు. "అందుకేనా సీసా ఎప్పుడూ లేటయ్యేది. నేను కాన్యులా పొజిషన్ అనుకుని వాళ్ళ చెయ్యే సర్దుతున్న" అంది. మేము భయపడ్డాం, మళ్ళీ ఏడుస్తదేమోనని. ఏడవలేదు. పెన్ను అడిగి, అరచేతిలో 20 అని రాసుకుంది.

పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళిపోయింది. రెండు నోట్సులు తీసుకెళ్ళింది, అనాటమీది మాత్రం "ఇది చూస్తే గుండె దడ, తర్వాత ఇవ్వండి" అని వదిలేసింది. మూడు రోజులకి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. సెలైన్ సెట్టు ప్యాకెట్, ఎంఎల్‌కి 20 చుక్కలు అన్న చోట ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి ఉంది. కింద ఏం రాయలేదు.

వచ్చే నెల మాకు మళ్ళీ అదే లేబర్ రూంలో పోస్టింగ్. ఆ సిస్టర్ ఇంకా అక్కడే ఉందంట. ఏం మాట్లాడాలో ముగ్గురం ఇంకా అనుకోలేదు.

ఫస్టియర్, సెకండియర్ నోట్సులు ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఫొటోలు తీసి ఇక్కడే పెడతాం. తెలుగు అక్షరాల్లో రాసుకున్న పేజీలు కూడా ఉన్నాయి, నవ్వకండి.