ఎనభై డాలర్ల లాభం

డాలస్‌లో ఉండే మా పెదనాన్నగారబ్బాయి 2011లో కైకలూరు దగ్గర ఇళ్ల స్థలం కొన్నాడు. డాలరు 45 రూపాయలున్న రోజులు. 20 లక్షలు పెట్టాడు, అంటే 44,444 డాలర్లు. 2024 చివర్లో, డాలరు 84 ఉండగా, 40 లక్షలకి అమ్మాడు. మండవల్లిలో మావాళ్లంతా "రెట్టింపైందిరా" అన్నారు. రూపాయల్లో నిజమే. లాభం మీద పన్నెండున్నర శాతం పన్నూ, దాని మీద సెస్సూ కలిపి 2.60 లక్షలు పోయాయి. మిగిలిన 37.40 లక్షల్ని డాలర్లు చేస్తే 44,524. పదమూడేళ్లకి ఎనభై డాలర్లు! రిజిస్ట్రేషన్ ఖర్చులు ఇందులో కలపనేలేదు.

వేరే దేశంలో స్థలం కొంటే మనం కొనేవి రెండు: ఆ నేల, ఆ దేశపు కరెన్సీ. హైదరాబాద్ హోటళ్లలో దుబాయ్ ఫ్లాట్లు అమ్మేవాళ్లు ఈ లెక్కనే తిరగేసి చెప్తారు. దిర్హామ్ 1997 నుంచి డాలరుకి ముడిపడి ఉంది కాబట్టి రూపాయి పడ్డప్పుడల్లా మన ఫ్లాటు విలువ పెరిగినట్టే. రిజర్వ్ బ్యాంకు మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా బయటికి పంపనిస్తుంది. అంతా బానే ఉంది. కానీ 2008 తర్వాత దుబాయ్‌లో ఇళ్ల ధరలు కుప్పకూలినప్పుడు ఆ ముడి ఎవర్నీ కాపాడలేదు.

ఇంకో ప్రమాదం మా కొల్లేరు వాళ్లకి బాగా తెలుసు. 1999లో అయిదో కాంటూరు లోపలి సరస్సుని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అందులోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ గట్ల మీదే పెరిగిన వాళ్ల పెట్టుబడే అలా పోతే, వాట్సాప్‌లో లేఅవుట్ ప్లాను చూసి కొనేవాడి సంగతేంటి? మన చట్టం విదేశాల్లో ఉన్నవాళ్లని ఇల్లు, ఇళ్ల స్థలం కొనుక్కోనిస్తుంది. సాగు భూమిని కొననివ్వదు. అది వారసత్వంగా రావాల్సిందే.

మన డయాస్పోరా కథల్లో ఊళ్లో ఉన్న నేల ఎక్కువగా ఓ జ్ఞాపకం. దాన్ని చూసుకునే మనిషి కథలో పెద్దగా కనపడడు. మా ఇంట్లో ఆ మనిషి నాన్న. పదమూడేళ్లు నెలనెలా స్కూటర్ మీద వెళ్లి సరిహద్దు రాళ్లు ఉన్నాయో లేదో చూసొచ్చాడు. కంప కొట్టించాడు, ఈసీలు తీయించాడు. 2022లో మేం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారాక, పాత దస్తావేజు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఇప్పుడాయనకి మెట్లెక్కడమే కష్టం. ఆ తిరుగుళ్లకి కూలీ కట్టుంటే ఎనభై డాలర్లు మొదటి ఏడాదే చాలేవి కావు.

అన్నయ్య మళ్లీ కొంటానంటున్నాడు. లెక్క మొత్తం చూపించాను. "తెలుసురా. ఊళ్లో మనదంటూ ఒకటుండాలి కదా" అన్నాడు. ఆ మాటని నేను తీసిపారేయలేను. నాకూ అలాగే ఉంటుంది. కాకపోతే దాన్ని పెట్టుబడి అనడం మానేసి ఖర్చు అంటే మంచిది. ఖర్చంటే, అది ఎవరు పెట్టుకుంటున్నారన్న ప్రశ్న వస్తుంది.

"కొనుక్కో అన్నయ్యా. చూసుకోడానికి ఒక మనిషిని జీతానికి పెట్టుకో. బాబాయ్‌ని మాత్రం అడక్కు" అని మెసేజ్ పెట్టాను. చూశాడు. ఇంకా జవాబివ్వలేదు.