లండన్ సంతల్లో పాత పైపుల బేరం

మన ఊళ్ళ నుంచి చుట్టాలు ఎవరు వచ్చినా మనం చూపించేవి అవే: టవర్ బ్రిడ్జి, బకింగ్‌హాం రాజభవనం, మైనపు బొమ్మలు. శుక్రవారం తెల్లవారుతూనే టవర్ బ్రిడ్జి దాటి దక్షిణంగా ఓ పావుగంట నడిస్తే బెర్మండ్సీ పాతసామాన్ల సంత వస్తుంది. శనివారమైతే పోర్టోబెల్లో రోడ్డు ఉండనే ఉంది. అక్కడ వెండి చెంచాలు, ఆగిపోయిన గడియారాల మధ్య ఏదో ఒక బల్లమీద పొగాకు పైపులు గుట్టగా పోసి ఉంటాయి. చుట్ట మీద అంత ఉపన్యాసం దంచిన గిరీశం వీటిని చూస్తే ఇంకో ఉపన్యాసం ఇచ్చేవాడే!

పొగ తాగమని నా సలహా కాదు. ఈ రోజుల్లో వీటిని కొనేవారిలో అద్దాల బీరువాలో పెట్టుకునేవారూ ఉన్నారు. కాని దేనికి కొన్నా ధర తెలిసి కొనాలి.

ముందు చెక్క చూడండి. మంచి పైపులు బ్రయర్ అనే మధ్యధరా ప్రాంతపు పొద మొదట్లో ఊరే గడ్డతో చేస్తారు. అది వేడికి ఓర్చుకుంటుంది. గిన్నెలోకి వెలుగు పట్టి చూడండి. మసి పొర పలచగా, సమంగా ఉంటే మంచిదే. దళసరిగా పేరుకుంటే దాని వెనక పగులు దాక్కోవచ్చు. అంచు కాలిందా, మెడ దగ్గర సన్నని చీలిక ఉందా అని గోటితో తడిమి చూడాలి. నల్లటి వల్కనైట్ గొట్టం ఎండకు ఆకుపచ్చగా, గోధుమరంగుగా మారుతుంది. రుద్దితే అది పోతుంది కనుక భయపడనక్కరలేదు. పంటిగాట్లు లోతుగా పడితే, గొట్టం అసలుది కాక తర్వాత మార్చినదైతే మాత్రం ధర బాగా తగ్గాలి.

తరువాత ముద్రలు. ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో లండన్‌లో డ్యూక్ స్ట్రీట్‌లో కొట్టు పెట్టాడు. ఆయన పైపుల గొట్టం మీది తెల్లచుక్క ప్రపంచ ప్రసిద్ధం. అయితే చుక్క ఎవరైనా పెట్టగలరు. 'ఇంగ్లండ్' అన్న ముద్ర పక్కన చిన్న అంకె కోసం చూడండి. ఉదాహరణకు 20 ఉంటే 1980లో చేసినదని అర్థం. వెండి పట్టీ ఉంటే ఇంకా సులువు. నడిచే సింహం వెండి నాణ్యతకు గుర్తు. లంగరు బర్మింగ్‌హాంది, చిరుతపులి తల లండన్‌ది. పక్కనున్న అక్షరం సంవత్సరం చెబుతుంది. కాని ఆ సంవత్సరం పట్టీదే. పైపుకు ఆ పట్టీ తర్వాత తొడిగి ఉండవచ్చు.

ధర కట్టటానికి నా లెక్క ఇది. అడిగిన ధరలు కాదు, అటువంటి పైపు వేలంలో నిజంగా ఎంతకు పోయిందో చూసుకోవాలి. అందులోంచి బాగుచేయించే ఖర్చు తీసేయాలి. మిగిలిందే బేరానికి పైహద్దు. రసీదు తప్పక అడగండి. ఇలాంటి పాత సంతల్లో పగటిపూట నమ్మకంగా కొన్న వస్తువు దొంగసొత్తే అయినా కొన్నవాడికే చెందే పాత చట్టం ఒకటి ఉండేది. 1995 జనవరి నుంచి అది లేదు.

ఇక అసలు చిక్కు. వ్యాపారితో ఎంత గీచి బేరమాడినా తప్పులేదు. ఆయనకూ ఆ విద్య తెలుసు. మన మిత్రుడొకరికి ఒక చర్చి హాలులో పెట్టిన పాతసామాన్ల అమ్మకంలో ఒక పెద్దావిడ ఎదురైంది. చనిపోయిన భర్త పైపులు ఆరు, ఒక్కొక్కటి రెండు పౌండ్లు. వాటిలో ఒకటి తెల్లచుక్కది, ముద్రలన్నీ సరిగా ఉన్నాయి. ఆయన ఉండబట్టలేక, "అమ్మా, దీని విలువ ఇది కాదు" అని చెప్పేశాడు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, మనవడికిస్తానని సంచిలో వేసుకుంది. ఆయన మరో రెండు కొనుక్కుని ఇంటికి వచ్చాడు.

"అంత తెలిసీ చేతికొచ్చింది వదిలాడే!" అని మనలో కొందరు నవ్వారు. నాకు మాత్రం ఆయనే సరైన బేరగాడనిపించింది. ఇద్దరికీ వస్తువు విలువ తెలిసి కుదిరినదే న్యాయమైన ధర. ఒకరికే తెలిస్తే అది బేరం కాదు, చేతివాటం. కాదనేవారు వచ్చే సంచికకు రాయండి. ఔననేవారు శుక్రవారం పెందలాడే లేచి నాతో బెర్మండ్సీ రండి, టీ ఖర్చు నాది!