కొంపల్లిలో కొన్న చక్రాల కొంప

క్యారవాన్ అనగానే మీకేం గుర్తొస్తుంది? షూటింగ్ స్పాట్‌లో తెల్లగా మెరుస్తూ ఆగి ఉన్న బండి, తలుపు దగ్గర గొడుగుతో అసిస్టెంటు, లోపల ఏసీలో చల్లగా హీరోగారు... అంతేగా! నిన్న మొన్నటిదాకా నాకూ అంతే. ఇప్పుడు మాత్రం ఒక కన్నం గుర్తొస్తుంది. రూపాయి బిళ్ళంత కన్నం! ఆ కన్నం కథ చెప్పాలంటే ముందు కొంపల్లి వెళ్ళాలి. పదండి.

సికింద్రాబాద్ వైపు నుంచి సుచిత్ర సెంటర్ దాటితే కొంపల్లి. ఇది నాగపూర్ హైవే. పాత నంబరు 7, ఇప్పటి నంబరు 44. ఇలాగే పోతే నాగపూరు, ఇంకా ఓపికుంటే కాశ్మీరం! ఒకప్పుడు మేడ్చల్ వైపు ఈ దారంట ద్రాక్షతోటలుండేవి. ఇప్పుడు ఎటు చూసినా ఫంక్షన్ హాళ్ళు, ధాబాలు, అపార్టుమెంట్లు, సినీప్లానెట్లో సెకండ్ షో జనం. మాఘమాసం ముహూర్తాలొచ్చాయంటే ఇక్కడ రాత్రిపూట బండి కదలదు. పెళ్ళికొడుకు గుర్రం మాత్రం కదుల్తుంది!

ఈ వెలుగుల వెనక సందులో ఒక రేకుల షెడ్డుంది. నేను అద్దెకుండే ఇంటికి నడిచి వెళ్ళేంత దూరం. సినిమావాళ్ళ దగ్గర ఏళ్ళతరబడి ఊడిగం చేసిన రెండు క్యారవాన్లు అమ్మకానికి వచ్చాయని కబురు తెచ్చింది మా తమ్ముడి వరస కుర్రాడు. వాడు లైట్ల యూనిట్లో పనిచేస్తాడు. "అన్నా, చెరి సగం పెట్టుకుందాం. నువ్వు ఊళ్ళు తిరిగి రాసుకో, ఖాళీ రోజుల్లో చిన్న సినిమాలకి అద్దెకిద్దాం" అన్నాడు. పత్రికలకి విడిగా రాసుకు బతికేవాడికి ఇంతకంటే తియ్యటి మాట ఇంకేముంటుంది చెప్పండి?

అసలు ఈ పిచ్చి నాకు అంటించింది ఎవరో కాదు, అన్నగారే! 1982లో పార్టీ పెట్టాక రామారావుగారు ఊరూరా తిరిగింది అప్పటికే పాతబడ్డ షెవర్లే వ్యానులో. దాన్ని బాగుచేయించి, పైకెక్కి మాట్లాడే ఏర్పాటు పెట్టించి, 'చైతన్యరథం' అని పేరు పెట్టారు. స్టీరింగు హరికృష్ణగారి చేతిలో. నిద్ర అందులోనే, స్నానం రోడ్డు పక్కనే. 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసేలోపు ఆ బండి 75,000 కిలోమీటర్లు చుట్టిందని చెబుతారు. 2019లో వచ్చిన 'మహానాయకుడు'లో మీరూ చూసే ఉంటారు. కథ సంగతి అలా ఉంచండి, నేను మాత్రం బండి మీద మనసు పారేసుకుని హాల్లోంచి బయటికొచ్చాను. కాకపోతే ఆయనకి హరికృష్ణగారున్నారు. నాకు ఈ లైట్ల కుర్రాడు!

షెడ్డుకి వెళ్ళేటప్పుడు మా సందు మెకానిక్ ఉస్తాద్‌ని వెంట తీసుకెళ్ళాం. అరవై దాటిన మనిషి. మొదటి బండి కాగితాలు చూసే వద్దన్నాడు. ఆర్.సి.లో పన్నెండు సీట్ల వ్యాను. లోపల చూస్తే ఒక సోఫా, ఒక పెద్ద అద్దం! 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లో ఉన్న తయారీ వివరాలకి తేడా వచ్చేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు పేచీ పెట్టడానికి ఈ తేడా చాలు.

రెండోది టెంపో ట్రావెలర్. దాని కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. 1987లో మన దేశంలో దిగిన ఈ ట్రావెలర్ మెర్సిడెస్ వ్యాన్ల వంశంలోది, తెలుసా! తాళం తిప్పగానే చల్లటి ఇంజను ఒక్క పట్టున అందుకుంది. నీలం పొగ లేదు, అంటే ఆయిలు కాలడం లేదు. నల్ల పొగా లేదు. నేను అప్పుడే జేబు తడుముకుంటున్నాను.

"ఇంజన్ ఫికర్ చెయ్యకు బేటా. దానికి రిపేరు దొరుకుతది. పైన చూడాలె" అంటూ ఉస్తాద్ నిచ్చెనేసుకుని కప్పెక్కాడు. ఏసీ కోసం కోసిన చోట అంచుల్లో ఎవరో పాత సిలికాన్ మీదే కొత్త సిలికాన్ పూశారు. లోపలికొచ్చి ఆ చోట బొటనవేలితో నొక్కితే ప్లైవుడ్డు టీలో ముంచిన ఉస్మానియా బిస్కెట్‌లా దిగబడింది! తర్వాత టైరు పక్కగోడ మీద నాలుగంకెలు చదివాడు: 2316. అంటే 2016లో 23వ వారం తయారైన టైరు. పట్టు బాగానే కనిపిస్తోంది గానీ రబ్బరు సన్నగా పగిలింది. వెనక ఎడమవైపు కమాను పట్టీలు కుంగాయి. నీళ్ళ ట్యాంకు అటువైపే ఉంది మరి. నూట యాభై లీటర్ల నీళ్ళంటే నూట యాభై కిలోలు, ఇద్దరు లావుపాటి మనుషులు ఎప్పుడూ ఆ మూలే కూర్చున్నట్టు!

ఇవన్నీ చూపించి బేరమాడితే నాలుగు లక్షల ఎనభై వేలకి దిగింది. వెనక జనరేటర్ పెట్టెకి మాత్రం తాళం వేసి ఉంది. "తాళంచెవి ఇంట్లో ఉంది, రేపు పంపిస్తా" అన్నాడు అమ్మినాయన. పంపాడు కూడా. ఆ పెట్టె తెరిచి చూడమని ఉస్తాద్‌ని మళ్ళీ పిలవడానికి నాకే బద్ధకం.

కప్పు పని మూడు వారాలు పట్టింది. పాత సిలికానంతా గీకి, పుచ్చిన ప్లైవుడ్డు తీసేసి, కొత్తది వేసి, అంచులకి పాలియురెథేన్ సీలెంటు పట్టించారు. తర్వాత మా వాడు పైన పైపుతో నీళ్ళు కొడుతుంటే నేను లోపల సుద్దముక్క పట్టుకుని చెమ్మ కనపడ్డ చోటల్లా సున్నా చుట్టాను. మొదటిసారి పదకొండు సున్నాలు. మళ్ళీ పని, మళ్ళీ నీళ్ళు, మూడు సున్నాలు. నాలుగో విడతకి గానీ సుద్దముక్కకి పనిలేకుండా పోలేదు. టైర్లు, కమాను పట్టీలు కలిపి దాదాపు లక్ష వదిలింది.

2025 మే నెల. మొదటి రాత్రి శామీర్‌పేటలో నిద్ర చేద్దామని బయల్దేరాం. మేడ్చల్ దాకా హైవే, అక్కణ్ణించి ఔటర్ రింగు పక్క సర్వీసు రోడ్డు. చెరువు మీద పొద్దు వాలుతుంటే మా వాడు బండి ఆపి పది ఫొటోలు తీశాడు. రాజీవ్ రహదారి మీద ఒక ధాబా యజమానిని అడిగి ఆయన స్థలంలోనే ఓ పక్కన బండి పెట్టుకున్నాం. ఉక్క! జనరేటర్ వేసి, ఏసీ పెట్టి, కిటికీలు బిగించి పడుకున్నాం. హీరోల్లాగా!

అర్ధరాత్రి దాటాక మా వాడు వాంతి వస్తోందంటూ లేచి తూలుకుంటూ తలుపు తీశాడు. నాకు తల పగిలిపోతోంది, కాళ్ళు నా మాట వినడం లేదు. ఎలాగో బయటపడి ధాబా మంచం మీద తెల్లారేదాకా కూర్చున్నాం. తప్పంతా కోడికూర మీదకి నెట్టాం పాపం!

పొద్దున కొంపల్లి చేరాక ఉస్తాద్ ఒకటే ప్రశ్న వేశాడు. "జనరేటర్ నడిచిందా?" ఆ పెట్టెలో నాలుగు అగరుబత్తులు వెలిగించి మూత పెట్టాడు. నిమిషం గడిచిందో లేదో, సోఫా పక్కన కార్పెట్టులోంచి సన్నగా పొగ! కార్పెట్టు ఎత్తితే రూపాయి బిళ్ళంత కన్నం. ఎప్పుడో తీసేసిన పైపుది. మూయకుండా పైన కార్పెట్టు కప్పేశారు. దాని కిందే జనరేటర్ పొగగొట్టం అతుకు వదులైంది.

కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు. రక్తంలో ప్రాణవాయువు చోటు అదే ఆక్రమిస్తుంది. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆగిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి లోపలికి చేరిన ఈ వాయువే కారణమని తేలింది. ఆ వార్త అప్పుడే చదివాను. అయ్యో అనుకుని పేజీ తిప్పేశాను. మా వాడికి ఆ రాత్రి వాంతి రాకపోతే?

కన్నానికి ఇనుపరేకు వెల్డింగు చేయించాం. జనరేటర్‌ని బండిలోంచే దింపేశాం. లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పెట్టాం. దాని మీట నెలకోసారి నొక్కి చూడటం నా వంతు, వానలకి ముందు కప్పెక్కి అంచులు తడమటం మా వాడి వంతు. ఇప్పుడు ఏసీ నడవాలంటే ఎక్కడైనా ప్లగ్గు దొరకాలి. లేదంటే కిటికీలు తెరుచుకుని, దోమతెర కట్టుకుని పడుకోవడమే.

మొన్నొక ప్రొడక్షన్ మేనేజరు ఫోన్ చేశాడు. వికారాబాద్ అడవిలో ఆరు రోజుల షూటింగట, అద్దె ఎంత అన్నాడు. చెప్పాను. "జనరేటర్ లోపలే ఉందిగా?" అన్నాడు. లేదన్నాను. ఎందుకు లేదో కూడా చెప్పబోయాను.

"అయితే వేరే బండి చూసుకుంటాం లెండి" అని పెట్టేశాడు.